అదే ఇల్లు తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఎందుకు ఎక్కువ ఖరీదవుతుంది?

"నెలనెలా అద్దెకు పోసే డబ్బే ఈఎంఐగా కడితే ఇల్లు మనదైపోతుంది కదా!" ఇల్లు కొనాలా వద్దా అన్న చర్చ ఎక్కడ మొదలైనా ముందుగా వినిపించే మాట ఇదే. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. మంచి ఆదాయం, నిలకడైన ఉద్యోగం, బ్యాంకులో కొంత నిల్వ ఉన్నవాళ్ల విషయంలో చాలావరకు నిజం కూడా. అరకొర ఆదాయంతో నెల నెట్టుకొచ్చే కుటుంబం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ లెక్కలో కొన్ని అంకెలు కనిపించకుండా పోతాయి. ఆ అంకెలేమిటో, అవి ఎక్కడ దాక్కుంటాయో చూడటమే ఈ వ్యాసం పని.

ఒక కుటుంబం, కొన్ని మాటలు

లెక్క కోసం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఏ దేశపు కరెన్సీ అయినా ఒకటే కాబట్టి వాళ్ల నెల ఆదాయాన్ని 100 అనుకుందాం. తిండి, ప్రయాణాలు, పిల్లల చదువు, మందులు అన్నీ కలిపి 62 అవుతాయి. అద్దె 22. మిగిలేది 16. అందులో 10 దాచుకుంటారు, 6 చిల్లర అవసరాలకు పోతుంది. వాళ్లు కొనాలనుకుంటున్న ఇంటి ధర 3,600, అంటే సరిగ్గా మూడేళ్ల ఆదాయం. ప్రపంచంలోని చాలా పెద్ద నగరాల్లో మూడేళ్ల ఆదాయానికి ఇల్లు రాదు. కావాలనే కుటుంబానికి అనుకూలమైన అంకెతో మొదలుపెడుతున్నాను.

బ్యాంకు ఇంటి ధర మొత్తం అప్పుగా ఇవ్వదు. 80 శాతం ఇస్తుందనుకుంటే అప్పు 2,880. మిగిలిన 720 కొనేవాళ్లు చేతి నుంచి పెట్టుకోవాలి. అదే డౌన్ పేమెంట్. అప్పుకు హామీగా ఇంటినే రాసి ఇవ్వడం తనఖా. వాయిదాలు ఆగిపోతే బ్యాంకు ఆ ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చు. ఇంటి ఇవాళ్టి విలువలోంచి బాకీ తీసేస్తే మిగిలేదాన్ని ఈక్విటీ అంటారు. ఇంట్లో మన వాటా అన్నమాట.

30 శాతం సూత్రం ఎక్కడ తప్పుతుంది?

ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదని ఒక సూత్రం ప్రచారంలో ఉంది. దీని మూలాలు అమెరికా ప్రభుత్వ గృహాల అద్దె నిబంధనల్లో ఉన్నాయి. 1969లో తెచ్చిన ఒక సవరణ ఆ ఇళ్ల అద్దెను ఆదాయంలో 25 శాతానికి పరిమితం చేసింది. 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. పేద కిరాయిదారుల మీద భారం పడకుండా గీసిన గీత అది. కాలక్రమంలో ఎవరికైనా వర్తించే కొలబద్దలా మారిపోయింది.

ఇబ్బంది ఏమిటంటే, శాతం ఒకటే అయినా మిగిలే డబ్బు ఒకటి కాదు. నెలకు 400 వచ్చే కుటుంబం ఇంటికి 120 పెట్టినా చేతిలో 280 ఉంటుంది. వాళ్లు నాలుగు రెట్లు తినరు, నాలుగు రెట్ల మందులు వాడరు. అవసరాలకు 180 అయిందనుకున్నా ఇంకా 100 మిగులుతుంది. మన కుటుంబం ఇంటికి 30 పెడితే 70 మిగులుతుంది, అవసరాలకు 62 పోతుంది, చివరికి ఉండేది 8. అందుకే గృహ విధానాలను అధ్యయనం చేసేవాళ్లలో ఒక వర్గం శాతాన్ని పక్కన పెట్టి, ఇంటి ఖర్చు పోగా బతకడానికి ఎంత మిగిలిందో చూడాలంటుంది. శాతం లెక్కను సమర్థించేవాళ్లు దానికి చెప్పే జవాబులోనూ పస ఉంది: ఎవరికి ఎంత అవసరమో బ్యాంకు గుమాస్తా తేల్చలేడు, శాతమైతే అందరికీ ఒకేలా వర్తిస్తుంది. నా మటుకు నాకు, తక్కువ ఆదాయాల విషయంలో మిగులు లెక్కే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది.

మొదటి గండం: డౌన్ పేమెంట్

720తో పని అయిపోదు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్, లాయర్ ఫీజు, లోన్ ప్రాసెసింగ్, సామాన్లు తరలించే ఖర్చు ఉంటాయి. దేశాన్ని బట్టి ఇవి మారతాయి. ధరలో 8 శాతం అనుకుంటే 288. మొదటి రోజుకే 1,008 సిద్ధంగా ఉండాలి. అంటే పది నెలల పూర్తి ఆదాయం.

నెలకు 10 చొప్పున దాస్తే దాదాపు ఎనిమిదిన్నర ఏళ్లలో ఆ మొత్తం చేరుతుంది. అయితే ఇంటి ధర అంతకాలం కదలకుండా ఉండదు కదా. ధర ఏటా 6 శాతం పెరుగుతోందనీ, కుటుంబం ఆదాయమూ పొదుపూ కూడా అదే వేగంతో పెరుగుతున్నాయనీ అనుకుందాం. పొదుపు మీద వచ్చే వడ్డీని వదిలేస్తే, ఎనిమిదిన్నర ఏళ్లు కాస్తా పన్నెండు ఏళ్లవుతాయి. ధర 6 శాతం, పొదుపు 3 శాతం చొప్పున పెరిగితే? ఇరవై ఏళ్లు దాటుతుంది. ఈ కుటుంబం దుబారా చేసింది లేదు, క్రమశిక్షణ తప్పిందీ లేదు. అయినా గమ్యం ఏటేటా దూరం జరుగుతూనే ఉంది.

ఆ ఇరవై ఏళ్లను తగ్గించేది ఒకటే: అమ్మానాన్నల సాయం. సొంత ఇల్లు ఉన్న తల్లిదండ్రులు దాని మీద అప్పు తెచ్చో, కొంత అమ్మో పిల్లలకు డౌన్ పేమెంట్ సర్దగలరు. అద్దె ఇంట్లో బతికిన తల్లిదండ్రులకు ఆ వెసులుబాటు లేదు. అమెరికా చరిత్ర దీనికి స్పష్టమైన సాక్ష్యం. 1930ల దాకా అక్కడ ఇంటి అప్పులు ఎక్కువగా కొద్ది ఏళ్ల కాలానికే దొరికేవి. డౌన్ పేమెంట్ ధరలో సగం దాకా ఉండేది. చివర్లో పెద్ద మొత్తం ఒకేసారి కట్టాల్సి వచ్చేది. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అప్పులకు బీమా కల్పించాక దీర్ఘకాలిక, చిన్న వాయిదాల రుణాలు మామూలు మనిషికి అందాయి. ఆ అవకాశం నల్లజాతి ప్రజలు ఉండే పేటలకు మాత్రం దాదాపు అందలేదు. వాటిని అప్పు ఇవ్వదగని ప్రాంతాలుగా ముద్ర వేశారు. 1968లో చట్టం ఆ వివక్షను నిషేధించింది. అప్పటికి ఒక తరం గడిచిపోయింది. ఆ తరం కొనలేకపోయిన ఇళ్లు, తర్వాతి తరానికి అందని డౌన్ పేమెంట్లయ్యాయి.

డౌన్ పేమెంట్ తగ్గించేస్తే సరిపోదా? అదే సంస్థ బీమాతో ఇప్పుడు అమెరికాలో 3.5 శాతం కట్టి కూడా ఇల్లు కొనవచ్చు. మన కుటుంబం అలా కొంటే డౌన్ పేమెంట్‌కు 126 చాలు. కానీ అప్పు 2,880 నుంచి 3,474కి పెరుగుతుంది, వాయిదా కూడా పెరుగుతుంది, పైన బీమా ప్రీమియం ఒకటి. ఇంటి ధర 5 శాతం పడిందంటే ఇల్లు అమ్మినా అప్పు తీరని స్థితి వస్తుంది. తలుపు తెరుచుకున్న మాట నిజమే, లోపల పడే బరువు పెరిగిన మాటా నిజమే. ఈ రెంటిలో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలన్న దాని మీద నిపుణులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు.

వడ్డీ: ఇంటి అసలు ధర ఇక్కడ తేలుతుంది

2,880 అప్పు, 20 ఏళ్ల గడువు, 9 శాతం వడ్డీ. నెలకు ఈఎంఐ సుమారు 26 వస్తుంది. మొదటి నెల కట్టే ఆ 26లో వడ్డీకి పోయేది దాదాపు 21.6, అసలుకు జమయ్యేది 4 పైచిలుకు మాత్రమే. వాయిదా మారదు కానీ లోపలి వాటాలు మారుతూ ఉంటాయి. తొలి ఏళ్లలో వడ్డీదే పైచేయి. అయిదేళ్లపాటు ఒక్క వాయిదా తప్పకుండా 1,555 కట్టాక చూసుకుంటే, అసలులో తీరింది 325 దాకా ఉంటుంది. 20 ఏళ్లలో మొత్తం కట్టేది సుమారు 6,220.

ఇదే అప్పు 15 శాతం వడ్డీకి దొరికితే ఈఎంఐ 38 అవుతుంది. అయిదేళ్లలో 2,275 కట్టినా అసలు తరిగేది 170 మాత్రమే. మొత్తం మీద కట్టేది 9,100. ఒకే ఇల్లు, ఒకే ధర. అప్పు ఇచ్చినవాడు అడిగిన వడ్డీని బట్టి ఇద్దరు కొనుగోలుదారులు చెల్లించే మొత్తంలో దాదాపు సగం తేడా వచ్చేసింది. 26 కంటే ఎక్కువ కట్టలేనన్న కుటుంబానికి 15 శాతం దగ్గర 1,970 కంటే ఎక్కువ అప్పే పుట్టదు.

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే ఎక్కువ వడ్డీ ఎందుకు పడుతుంది? రుణ సంస్థల వైపు కారణాలు కొట్టిపారేసేవి కావు. పత్రాలు పరిశీలించడం, ఇంటి విలువ కట్టడం, వసూళ్లు చూసుకోవడం లాంటి పనులకు చిన్న అప్పుకూ పెద్ద అప్పుకూ దాదాపు ఒకే ఖర్చు. చిన్న అప్పు మీద వచ్చే వడ్డీలోంచే ఆ ఖర్చు రాబట్టుకోవాలి. అమెరికాలో చవక ఇళ్లకు కావలసిన చిన్న మొత్తాల గృహ రుణాలు దొరకడం కష్టంగా మారడానికి ఇదొక ముఖ్య కారణం. రెండోది, రోజు కూలీకో చిరు వ్యాపారికో జీతం స్లిప్ ఉండదు. ఆదాయం ఉన్నా చూపించే కాగితం లేదు. మూడోది, నష్టభయం. వాయిదాలు తప్పే అవకాశం ఎక్కువనుకున్న చోట ఆ నష్టాన్ని అందరి వడ్డీలోనూ కలిపేస్తారు. ఇక్కడ ఒక ముడి పడుతుంది. వడ్డీ ఎక్కువైతే వాయిదా పెరుగుతుంది. వాయిదా పెరిగితే తప్పే అవకాశం పెరుగుతుంది. భయపడి వేసిన అదనపు వడ్డీయే ఆ భయాన్ని కొంతవరకు నిజం చేస్తుంది.

ఇక వడ్డీ రేటు మారే రకమా, మారని రకమా అన్నది మరో ప్రశ్న. అమెరికాలో 30 ఏళ్లపాటు కదలని రేటుకు అప్పు దొరకడం మామూలు విషయం. చాలా దేశాల్లో రేటు మార్కెట్‌తో పాటు మారుతుంది, అదే ఫ్లోటింగ్ రేటు. మన ఉదాహరణలో 9 శాతానికి తీసుకున్న అప్పు మొదట్లోనే 10.8 శాతానికి చేరిందనుకుందాం. అప్పుడు నెల వడ్డీ ఒక్కటే 26 అవుతుంది. కుటుంబం ప్రతి నెలా ఠంచనుగా 26 కడుతూనే ఉంటుంది, అసలు మాత్రం రవ్వంత కూడా తరగదు. రెండు శాతం పాయింట్లు కూడా పెరగకుండానే వచ్చిపడే పరిస్థితి ఇది. ఇలాంటప్పుడు బ్యాంకులు ఈఎంఐ పెంచుతాయి, లేదా పెంపును సర్దేలా గడువూ వాయిదా రెండూ మారుస్తాయి. 2022, 2023ల్లో ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడానికి ప్రపంచవ్యాప్తంగా సెంట్రల్ బ్యాంకులు రేట్లు పెంచినప్పుడు ఫ్లోటింగ్ రేటు అప్పులున్న ఇళ్లలో టెన్షన్ పెరిగింది ఇందుకే.

ఇల్లు చేతికొచ్చాక మొదలయ్యే ఖర్చులు

అద్దె ఇంట్లో పైకప్పు కారితే యజమానికి ఫోన్ చేస్తాం. సొంత ఇంట్లో యజమాని మనమే. మరమ్మతులకు ఏటా ఇంటి విలువలో ఒక శాతం పక్కన పెట్టాలని ఒక మోటు లెక్క ఉంది. మన ఇంటికి అది ఏడాదికి 36, నెలకు 3. ఆస్తి పన్ను, బీమా కలిపి మరో 2 అనుకుందాం. అప్పుడు నెలకు ఇంటి ఖర్చు 26 కాదు, 31. అద్దె 22 మాత్రమే. "అద్దెకంటే నాలుగే ఎక్కువ" అనుకున్నది తొమ్మిది ఎక్కువని తేలింది.

పైగా మరమ్మతు నెలకు 3 చొప్పున బుద్ధిగా రాదు. నాలుగేళ్లు ఏమీ ఉండదు. తర్వాత ఒక వానాకాలంలో 150 అడుగుతుంది. తక్కువ ధరకు దొరికే ఇళ్లు తరచూ పాతవి కావడం వల్ల ఈ భారం తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల మీదే ఎక్కువగా పడుతుంది. బ్రిటన్‌లో 1980 నాటి హౌసింగ్ చట్టం స్థానిక సంస్థల ఇళ్లలో అద్దెకున్నవాళ్లకు వాటిని భారీ తగ్గింపుతో కొనుక్కునే హక్కు ఇచ్చింది. లక్షల కుటుంబాలు యజమానులయ్యాయి, చాలామందికి అది నిజంగా మేలు చేసింది. ఫ్లాట్లు కొన్నవాళ్లలో కొందరికి మాత్రం ఏళ్ల తర్వాత భవనం మొత్తానికి చేసే పెద్ద మరమ్మతుల్లో తమ వాటా బిల్లు వచ్చింది. ఆ బిల్లు కొన్ని చోట్ల వాళ్ల తాహతుకు మించిపోయింది.

ఆస్తి పన్నులోనూ ఒక అన్యాయం ఉంది. అమెరికాలోని చాలా ప్రాంతాల్లో చవక ఇళ్లకు మార్కెట్ విలువతో పోలిస్తే ఎక్కువ విలువ కట్టారనీ, ఖరీదైన ఇళ్లకు తక్కువ కట్టారనీ పరిశోధనల్లో తేలింది. ఖరీదైన ఇంటివాళ్లు అభ్యంతరం చెప్పి తగ్గించుకోగలగడం అందులో ఒక కారణం.

దూరం కూడా ఖర్చే

చవక ఇల్లు ఊరి చివర దొరుకుతుంది. ధరలో తగ్గినది బస్సు చార్జీల్లో, పెట్రోల్లో, పోగొట్టుకున్న పని గంటల్లో తిరిగి వచ్చేస్తుంది. మెక్సికోలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. కార్మికుల గృహ నిధి ఇన్ఫోనావిత్ 1972 నుంచి ఉంది. 2000 తర్వాత ఆ నిధి అప్పులతో నగరాలకు చాలా దూరంగా వేల సంఖ్యలో చిన్న ఇళ్ల కాలనీలు లేచాయి. పనికి వెళ్లి రావడానికే గంటలు పట్టే చోట్ల, నీళ్లూ బస్సులూ సరిగా లేని చోట్ల, కుటుంబాలు వాయిదాలు కడుతున్న ఇళ్లనే వదిలి వెళ్లిపోయాయి.

ఒక చెడ్డ నెల ఏం చేస్తుంది?

ఇప్పటిదాకా చూసినవన్నీ కలిసి దెబ్బకొట్టేది ఇక్కడే. ఇల్లు కొన్నాక మన కుటుంబం నెల ఖర్చు: అవసరాలకు 62, ఇంటికి 31, మొత్తం 93. మిగిలేది 7. కాగితం మీద ఇది సాఫీగా నడిచే సంసారమే. అయితే పన్నెండేళ్లు కూడబెట్టింది డౌన్ పేమెంట్‌లోకి పోయింది, నిల్వ సున్నా. ఆదాయం 100 అన్నది కూడా సగటు మాత్రమే. గంటల లెక్కన, సీజన్ల లెక్కన పని దొరికేవాళ్లకు ఒక నెల 130 రావచ్చు, మరో నెల 60 రావచ్చు.

60 వచ్చిన నెల తీసుకోండి. 33 తక్కువపడింది. మామూలు నెలకు 7 చొప్పున మిగిల్చి ఆ గుంతను పూడ్చాలంటే దాదాపు అయిదు నెలలు కావాలి. ఈలోపు ఎవరికైనా జ్వరం వచ్చి ఆస్పత్రిలో చేరితే? వాయిదా తప్పుతుంది, జరిమానా పడుతుంది, క్రెడిట్ స్కోర్ తగ్గుతుంది. బయట చేబదులు దొరికినా దాని వడ్డీ ఇంటి అప్పు వడ్డీకి ఎన్నో రెట్లు ఉంటుంది. అదే కుటుంబం అద్దె ఇంట్లో ఉండి ఉంటే ఇంకా చిన్న ఇంటికి మారేది, లేదా పని ఉన్న ఊరికి వెళ్లిపోయేది. సొంత ఇల్లు ఉన్నప్పుడు ఆ వెసులుబాటు చాలా తగ్గిపోతుంది.

ఇంటి గోడల్లో ఆస్తి ఉంది కదా అనవచ్చు. ఉంది, కానీ దాంతో ఈ నెల మందులు కొనలేం. అమెరికాలో జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకు పరిశోధన విభాగమైన జేపీ మోర్గాన్ చేజ్ ఇన్‌స్టిట్యూట్ 2019లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్నే లెక్కలతో చూపించింది. ఇంట్లో వాటా ఎక్కువగా ఉండి చేతిలో నగదు లేనివాళ్లు, వాటా తక్కువగా ఉండి నగదు నిల్వ ఉన్నవాళ్లకంటే చాలా ఎక్కువగా వాయిదాలు తప్పారు. ఉన్నదంతా ఊడ్చి డౌన్ పేమెంట్‌లో పెట్టమనే సలహాను ఇది ప్రశ్నిస్తుంది. పెద్ద డౌన్ పేమెంట్ బ్యాంకుకు భద్రత ఇస్తుంది, కుటుంబానికి భద్రత ఇచ్చేది చేతిలో ఉన్న నాలుగు నెలల ఖర్చు. ఈ మొత్తం విషయంలో ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఇదేనని నా అభిప్రాయం.

2008లో తప్పు ఎవరిది?

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇళ్ల అప్పులు అనగానే 2008 ఆర్థిక సంక్షోభం ప్రస్తావనకు వస్తుంది. ఆనాడు అమెరికాలో క్రెడిట్ చరిత్ర బలహీనంగా ఉన్నవాళ్లకు ఇచ్చిన సబ్‌ప్రైమ్ రుణాల్లో ఒక రకం విరివిగా నడిచింది. మొదటి రెండేళ్లు ఒక స్థిరమైన రేటు, మిగతా 28 ఏళ్లు మార్కెట్‌తో మారే రేటు. ఇంటి ధర పెరుగుతున్నంతకాలం రెండేళ్లకోసారి కొత్త అప్పుతో పాత అప్పు తీర్చుకోవచ్చన్న నమ్మకం మీద అది నిలబడింది. ధరలు పడగానే ఆ దారి మూసుకుపోయింది. 2004లో 69 శాతం పైన ఉన్న సొంత ఇంటి కుటుంబాల వాటా 2016 నాటికి 63 శాతం దగ్గరికి దిగింది.

పేదలకు అప్పులివ్వమని ప్రభుత్వం ఒత్తిడి చేయడమే కారణమన్నది ఒక వాదన. పేద పేటల్లోనూ అప్పులివ్వమని బ్యాంకులను ప్రోత్సహించే 1977 నాటి కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ చట్టాన్ని ఈ వాదన చేసేవాళ్లు వేలెత్తి చూపుతారు. సంక్షోభంపై ఏర్పాటైన విచారణ కమిషన్ 2011 జనవరిలో ఇచ్చిన నివేదికలో మెజారిటీ సభ్యులు ఆ చట్టం ముఖ్య కారణం కాదని తేల్చారు. నియంత్రణ లోపాలను, రుణ సంస్థల విచ్చలవిడితనాన్ని తప్పుపట్టారు. పీటర్ వాలిసన్ అనే సభ్యుడు విభేదించి, ప్రభుత్వ గృహ విధానమే అసలు దోషి అని విడిగా రాశారు. సబ్‌ప్రైమ్ అప్పుల్లో చాలా భాగం కొత్తగా ఇల్లు కొన్నవాళ్లవి కావు, అప్పటికే ఉన్న ఇంటి మీద మళ్లీ తీసుకున్నవి. అందువల్ల "అర్హత లేనివాళ్లు ఇళ్లు కొన్నారు" అన్న ఒక్క ముక్కలో ఆ కథను చెప్పేయడం సరికాదు.

ఇన్ని ఇబ్బందులున్నా ఎందుకు కొనాలనుకుంటారు?

ఎందుకంటే అద్దెకూ తనదైన నష్టం ఉంది. స్థిర వడ్డీ రుణంలో వాయిదా పెరగదు. ఆదాయం ఏటా 5 శాతం పెరిగితే 100 ఉన్నది పదేళ్లకు 163 అవుతుంది, అప్పటికీ ఈఎంఐ 26గానే ఉంటుంది. అద్దె అదే 5 శాతం చొప్పున పెరిగితే 22 కాస్తా 36 అవుతుంది. మొదటి కొన్నేళ్లు కొన్నవాళ్లకు గడ్డుకాలం, ఆ కాలం నిలదొక్కుకుంటే పరిస్థితి తిరగబడుతుంది. ఇరవై ఏళ్లకు అప్పు తీరి, ఒంట్లో ఓపిక తగ్గే వయసులో అద్దె బెడద ఉండదు. ఇల్లు ఖాళీ చేయమనేవాళ్లు ఉండరు, పిల్లల బడి మార్చక్కరలేదు. వాయిదా కట్టక తప్పదు కాబట్టి పొదుపూ దానంతట అదే జరుగుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే.

అయితే ఈ భద్రత సొంత ఇంట్లోనే దొరకాలని లేదు. స్విట్జర్లాండ్‌లో సొంత ఇల్లు ఉన్న కుటుంబాలు 40 శాతం కూడా ఉండవు, జర్మనీలో సగం లోపే. రొమేనియాలో 90 శాతం పైనే. ఏ దేశం ధనికమో మనకు తెలుసు. జర్మనీలో అద్దెదారులకు చట్టం గట్టి రక్షణ ఇస్తుంది, అందుకే అక్కడ అద్దె ఇల్లు అభద్రతకు మారుపేరు కాలేదు. అద్దెదారును ఎప్పుడైనా ఖాళీ చేయించగలిగే చోట మాత్రం తలకు మించిన అప్పు చేసైనా కొనాలనిపించడం సహజం. కాబట్టి ఇల్లు కొనాలా అన్న ప్రశ్నకు జవాబులో సగం అద్దె చట్టాల్లో ఉంటుంది.

ప్రభుత్వాలు ఏం చేసి చూశాయి?

వడ్డీలో రాయితీ ఇవ్వడం ఒక పద్ధతి. భారత్‌లో 2015లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో బలహీన, అల్పాదాయ వర్గాలకు 6 లక్షల రూపాయల వరకు రుణంపై 6.5 శాతం వడ్డీ రాయితీ ఇచ్చారు. వాయిదా తగ్గుతుంది, సందేహం లేదు. అయితే అప్పు పుట్టినవాళ్లకే రాయితీ అందుతుంది. జీతం కాగితం లేక బ్యాంకు గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్లకు కాదు. పైగా ఇళ్ల సరఫరా పెరగని చోట కొనేవాళ్ల చేతిలో డబ్బు పెడితే అందులో కొంత ధరలోకే వెళ్లిపోతుందని ఆర్థికవేత్తలు హెచ్చరిస్తారు.

సింగపూర్ భూమినీ నిర్మాణాన్నీ ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. 1960లో ఏర్పడిన గృహ బోర్డు 99 ఏళ్ల లీజుపై ఫ్లాట్లు అమ్ముతుంది. ఉద్యోగుల తప్పనిసరి పొదుపు నిధిలోంచి డౌన్ పేమెంటూ వాయిదాలూ కట్టుకునే వీలును 1968లో కల్పించారు. ఇప్పుడు అక్కడ పదిలో తొమ్మిది కుటుంబాలు సొంత ఇంట్లో ఉన్నాయి. చిన్న దేశం, భూమిలో అధిక భాగం ప్రభుత్వానిదే కావడం దీనికి పునాది. ఆ పునాది లేని చోట నకలు తీయడం తేలిక కాదు.

నన్ను మరీ ఆలోచింపజేసినది చిలీలోని ఇకీకే నగరంలో 2004లో పూర్తయిన కాలనీ. నగరం మధ్యలో గుడిసెల్లో ఉంటున్న దాదాపు 100 కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే సాయం ఇంటికి 7,500 డాలర్లు. స్థలం, రోడ్లు, నిర్మాణం అన్నీ అందులోనే. ఊరి చివరకు పంపితే పూర్తి ఇళ్లు వచ్చేవి. ఆర్కిటెక్ట్ అలెహాండ్రో అరవేనా బృందం ఖరీదైన ఆ నగర స్థలాన్నే కొని, ప్రతి కుటుంబానికి సగం ఇల్లు కట్టి ఇచ్చింది. వంటగది, బాత్‌రూమ్, మెట్లు, పైకప్పు లాంటి కష్టమైన భాగం కట్టేశారు. మిగతా సగానికి ఖాళీ వదిలారు. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఆ కుటుంబాలే దాన్ని పూర్తి చేసుకున్నాయి. ఆదాయం నిలకడ లేనివాళ్లకు ఇరవై ఏళ్ల స్థిర వాయిదా కంటే ఈ పద్ధతి ఎక్కువ నప్పుతుంది. చెడ్డ నెలలో గోడ కట్టడం ఆగుతుంది, ఇల్లు పోదు. బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంక్ 1984 నుంచి చిన్న గృహ రుణాలు ఇచ్చింది, వాటిని వారం వారం చిన్న మొత్తాల్లో తీర్చుకునే వీలుండేది. అది కూడా ఈ ఆలోచనకు దగ్గరిదే.

కాగితం మరో చిక్కు. పేదలు ఉంటున్న ఇళ్లకు పట్టాలిస్తే వాటిని తనఖా పెట్టి అప్పు తెచ్చుకుని ఎదుగుతారని పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో వాదించారు. బ్యూనస్ ఎయిరిస్ శివార్లలో పట్టాలు వచ్చిన కుటుంబాలనూ రాని కుటుంబాలనూ పోల్చిన పరిశోధకులకు కొంత భిన్నమైన దృశ్యం కనిపించింది. పట్టా వచ్చినవాళ్లు ఇంటిని బాగుచేసుకున్నారు, పిల్లల్ని ఎక్కువ చదివించారు. బ్యాంకు అప్పులు మాత్రం పెద్దగా పెరగలేదు. బ్యాంకు చూసేది పట్టా ఒక్కటే కాదు, నెలనెలా వచ్చే ఆదాయాన్ని కూడా.

అలాగని కాగితాన్ని తేలిగ్గా తీసుకోలేం. దక్షిణాఫ్రికా 1994 తర్వాత పేదలకు 30 లక్షలకు పైగా ఇళ్లు కట్టించి ఉచితంగా ఇచ్చింది. డౌన్ పేమెంట్ లేదు, ఈఎంఐ లేదు. అయినా చాలా ఇళ్లకు హక్కు పత్రాలు ఏళ్ల తరబడి అందలేదు. ఊరు మారాల్సి వచ్చినవాళ్లు వాటిని చట్టం బయట, నోటి మాట మీద, తక్కువ ధరకు అమ్ముకున్నారు. కొన్నవాళ్ల పేరు రికార్డుల్లోకి ఎక్కలేదు. యజమాని చనిపోయిన చోట ఇల్లు ఎవరిదన్న తగాదా కుటుంబంలోనే మొదలైంది.